వెల్డరు కూతురి కళ్ళు

ఇనుప గేట్లు చేసే ఆ వెల్డరు ఇంట్లో పిల్లి, పనిలో పులి. రోడ్డున పోయేవాళ్ళు వెల్డింగు మెరుపు వంక చూశారంటే చాలు, చిన్నా పెద్దా లేదు, "చూడకండి! కళ్ళు పోతాయి!" అని గొంతు చించుకునేవాడు. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి నల్లద్దం అడ్డం పెట్టుకోకుండా అతుకు వేసి, కళ్ళలో ఇసుక పోసినట్టయి పొర్లి పొర్లి ఏడ్చాడు. ఆ బాధ పగవాడిక్కూడా వద్దనేవాడు.

అలాంటివాడికి నెలలు నిండకుండానే కూతురు పుట్టింది. అరచేతిలో ఇమిడేంత పిల్ల. గాజుపెట్టెలో పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. సిలిండర్లతో బతికేవాడు కదా, "ఇంకాస్త తిప్పండమ్మా, పిల్ల ఆయాసపడుతోంది" అని నర్సును బతిమాలాడు. "ఎక్కువైతే కళ్ళకి చేటు, అన్నా" అని ఆవిడ ఒప్పుకోలేదు. పిసినారిదని లోలోపల తిట్టుకున్నాడు.

నెల దాటాక, ఇవాళ కంటి డాక్టరమ్మ పాప కళ్ళలో చుక్కలు వేసి చాలాసేపు చూసింది. అతని వైపు తిరిగింది.

"ముందే పుట్టేసింది కదా, కంటి వెనక పొరకి రక్తనాళాలు పూర్తిగా అల్లుకోలేదు. ఇప్పుడవి అడ్డదిడ్డంగా పెరుగుతున్నాయి. వదిలేస్తే పొరని లాగేస్తాయి. ఇక చూపు రాదు."

"ఆ ఆక్సిజన్ వల్లేనా అమ్మా?" అడిగాడతను.

"అదీ ఒక కారణమే. బరువు తక్కువ, ఇన్‌ఫెక్షను, అన్నీ కలిశాయి. మీ తప్పేం లేదు. ఇవాళే లేజరు పెట్టాలి."

"అంటే?"

"వెలుగు. ఆ నాళాలు పెరగకుండా దాంతో పొర అంచుల్ని కాలుస్తాం."

అతను పిల్లను లాక్కుని గుండెకి హత్తుకున్నాడు. "కళ్ళలో పెట్టి కాలుస్తారా? వద్దు!" దారిన పోయేవాళ్ళ కళ్ళకే అంత భయపడ్డవాడు, కన్నకూతురి కళ్ళు ఎలా అప్పగిస్తాడు? అప్పగించకపోతే చీకటే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మీకు తెలిసింది గేట్లు. కళ్ళ సంగతి ఆవిడకి వదిలెయ్యండి," అంది పక్కనే ఉన్న భార్య. "పిల్లనివ్వండి."

ఇచ్చాడు. తలుపు సందులోంచి చూస్తే డాక్టరమ్మా నర్సూ రంగు కళ్ళద్దాలు తగిలించుకుంటున్నారు. పాపకి ఏ అద్దమూ లేదు. రెప్పలు మూతపడకుండా చిన్న తీగ బిగిస్తున్నారు. ఎవరో తలుపు వేసేశారు.

భార్య అతని చెయ్యి పట్టుకుంది. "మనల్ని చూస్తుందంటారా?"

"ఎందుకు చూడదు? చూస్తుంది."

ఆమె నమ్మింది. చెయ్యి వదిలి కళ్ళు తుడుచుకుంది. లోపల పాప గుక్కపట్టింది. అతను తడుముకుంటూ మళ్ళీ ఆ చెయ్యి అందుకున్నాడు.