గుంజకుండా ఆగిన చేయి

2022లో పత్తి ఏరడం మొదలైన రోజులవి. మహబూబాబాద్‌లోని ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నేను నర్సుగా పనిచేస్తున్నాను. కేసముద్రం దగ్గరి పల్లె నుంచి మరియమ్మ, ఆమె భర్త ఏసోబు వచ్చారు. ఏసోబు మార్కెట్ యార్డులో హమాలీ. అంతకు ముందు ఏడాది పక్షవాతం వచ్చి మరియమ్మకు మింగడం పోయింది. అప్పుడు మరో ఊళ్లో ఆమెకు పెగ్ ట్యూబ్ వేశారు. అంటే పొట్ట మీద చిన్న రంధ్రం చేసి నేరుగా జీర్ణాశయంలోకి పెట్టే గొట్టం. అది బయటికి జారకుండా లోపలి కొసన గుండీలాంటి మెత్తటి బిళ్ల ఉంటుంది. దాన్ని బంపర్ అంటాం.

ఏసోబు నెలల తరబడి ఆ గొట్టంలోంచే పాలు, పల్చటి జావ పోసి భార్యను నిలబెట్టాడు. ఇప్పుడామె నోటితోనే తింటోంది.

"గీ పైపు తీసెయ్యుండ్రి డాక్టరమ్మా. ఇది ఉంటె నడుముకు ఒడి కట్టరాదు, పత్తి ఏరరాదు" అంది మరియమ్మ. మాట ఇంకా కొంచెం ముద్దగా వచ్చేది.

మా సర్జన్ డాక్టర్ సుజాత ముందు ఆమెచేత నీళ్లు తాగించి, పెరుగన్నం తినిపించి, పొలమారడం లేదని చూసుకుంది. ఆ తరువాత బల్ల మీద పడుకోబెట్టింది. ఈ రకం గొట్టాన్ని నిదానంగా లాగితే లోపలి బిళ్ల మడుచుకుని బయటికి వస్తుంది. నేను చాలాసార్లు చూశాను. డాక్టర్ ముందుగా గొట్టాన్ని వేళ్లతో తిప్పబోయింది. తిరగలేదు. లోపలికి నెట్టి చూసింది. కదల్లేదు. కొద్దిగా లాగేసరికి మరియమ్మ పళ్లు బిగించింది.

"గట్టిగ గుంజుండ్రి. నేను ఓర్చుకుంట."

డాక్టర్ చేయి తీసేసింది.

"ఎందుకు ఆపిండ్రమ్మా? పని ఇడిసిపెట్టి వచ్చినం" అన్నాడు ఏసోబు.

"అన్నా, పైపుల జావ పోసేటప్పుడు గట్టిగ ఒత్తాల్సి వచ్చేదా?" అని అడిగింది డాక్టర్.

"అవు. ఆఖరికి జర కష్టంగనే పోయేది. పక్కకెల్లి కారేది గూడ. కదిలిస్తె ఆమెకు నొప్పైతదని నేను పైపును ముట్టకపోయేటోణ్ని."

గొట్టం కదలకుండా ఉండటంతో బిళ్ల జీర్ణాశయపు గోడలోకి కూరుకుపోయి, దాని మీద కండ పెరిగిందని డాక్టర్ తన అనుమానం చెప్పింది. బలంగా లాగితే గోడ చినిగి, లోపలిది కడుపంతా పారి ప్రాణం మీదికి రావచ్చు.

ఏసోబు ముఖం పాలిపోయింది. "అయితె నా వల్లనేనా?"

"పైపును రోజూ తిప్పాలని నీకెవరన్న చెప్పిండ్రా?"

"లే."

"మరి నీ తప్పెట్లయితది? ఆమెను బతికించుకున్నది నువ్వేనాయె."

డాక్టర్ అప్పటికప్పుడు వరంగల్‌కు ఫోన్ చేసి ఎండోస్కోపీ ఏర్పాటు చేసింది. అక్కడ నోటి గుండా సన్నటి కెమెరా పంపి చూస్తే బిళ్ల నిజంగానే కండలో పూడి ఉంది. మీద పెరిగిన కండను కొద్దికొద్దిగా కోసి, బిళ్లను నోటిలోంచే బయటికి తీశారు.

గొట్టం తీసిన రంధ్రం మామూలుగా కొద్ది రోజుల్లోనే పూడుకుంటుంది. మరియమ్మది అంత త్వరగా పూడలేదు. కడుపులోని పులుపు బయటికి కారి చుట్టూ చర్మం కాలినట్టయింది. ఆమ్లం తగ్గే మాత్రలు ఇచ్చి, చర్మానికి జింకు క్రీము రాస్తూ మా దవాఖానలో రోజూ కట్టు మార్చేదాన్ని. మంటకు కళ్లలో నీళ్లు తిరిగినా ఆమె నోరు మెదిపేది కాదు. ఏసోబు పక్కనే కూర్చుని ఆమె చేయి పట్టుకునేవాడు. చివరికి రంధ్రం పూర్తిగా మూసుకుంది.

ఆఖరి కట్టు విప్పిన రోజు డాక్టర్‌ను అడిగాను, "ఆమె అంతగా బతిమాలుతుంటే ఎట్లా ఆగారు మేడమ్?" అని.

"నొప్పయితే ఓర్చుకుంటది. కడుపు చినిగితె ఎట్ల ఓర్చుకుంటది?" అంది.

ఆ మాట నాలో ఉండిపోయింది. రోగి ధైర్యవంతురాలైతే మన పని తేలికవుతుందని అనుకునేదాన్ని. అలాంటి మనిషి దగ్గరే మనం మరింత భయంగా ఉండాలని ఆ రోజు తెలిసింది. ఆమె వద్దనదు కనుక, ఆగాల్సింది మన చేయే.