కొబ్బరినీళ్ళు తాగిన స్టీరియో

మా బావగారికి పడవ కొనాలన్న కోరిక ఎప్పుడు పుట్టిందో తెలియదు గానీ, కొన్నాక మాత్రం ఆయన నోట వేరే మాట లేదు. బావగారంటే మా ఆయనకు అన్నయ్య. ఇక్కడ అమెరికాలో, అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టాలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. ఆ దూరం చాలదని కాపురానికి వచ్చిన కొత్తలోనే నాకు అర్థమైంది. అన్నగారి మాట మా ఆయనకు గుళ్ళో తీర్థం లాంటిది. చెయ్యి చాచి పుచ్చుకోవడమే తప్ప రుచి ఎలా ఉందని చూడడు.

నా వంట మీదా, నా డ్రైవింగ్ మీదా, చివరికి నా ఉద్యోగం మీద కూడా బావగారికి అభిప్రాయాలున్నాయి. వాటిని నలుగురిలోనే చెబుతారు. అప్పుడు మా ఆయన నేల చూపులు చూస్తాడు. ఇంటికి వచ్చాక "అన్నయ్య అంతేలే, పట్టించుకోకు" అంటాడు. ఇంట్లో చెప్పే ఓదార్పు నాకు అక్కర్లేదు. బావగారి ఎదురుగా, అందరూ వింటుండగా, "అన్నయ్యా, తను చెప్పింది నిజం" అని ఒక్కసారి అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నానంటే నాకే సిగ్గుగా ఉంటుంది.

పడవ పూజకి ముందురోజు బావగారు ఫోన్ చేశారు.

"నీ శాటిలైట్ రేడియో ఉంది కదమ్మా, అది పట్టుకురా. లేక్ మధ్యలోకి వెళ్తే ఫోన్ సిగ్నల్ చచ్చిపోతోంది, పాటల్లేకపోతే ఏం బోటింగ్?"

అడగడం కాదు, ఆర్డర్ వేయడం. అయినా సరేనన్నాను. ఫోన్ సిగ్నల్‌తో పనిలేకుండా ఉపగ్రహం నుంచే పాటలు అందుకునే ఆ రేడియో అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు కార్లో వింటాను, వచ్చాక ఇంట్లో పెట్టుకుంటాను. దాన్ని పడవ స్టీరియోకి కలపడం నాకు కష్టమేమీ కాదు. మా ఇంటిల్లిపాదీ సాఫ్ట్‌వేరే, నేనొక్కదాన్నే సర్క్యూట్ బోర్డులు టెస్ట్ చేస్తాను. కనీసం వైర్ల విషయంలోనైనా నా మాట వింటారనీ, అక్కడైతే మా ఆయనకి నన్ను సమర్థించడం సులువనీ అనుకున్నాను. నా పిచ్చి.

ఆదివారం సరస్సు దగ్గరికి వెళ్ళేసరికి పడవ నిండా జనం. చుట్టూ సోఫాలు, మధ్యలో నేల చదునుగా, హాలుని తెచ్చి నీళ్ళ మీద పెట్టినట్టుంది. స్నేహితుల కుటుంబాలు అప్పటికే ఎక్కి కూర్చున్నాయి. వాహనపూజకి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి కదా, పడవకి చక్రాలెక్కడివి? దాని మీద పెద్ద చర్చే జరిగింది. చివరికి నాలుగు మూలలా సోఫాల కింద పెట్టారు.

ఈలోగా నేను నా పని మొదలుపెట్టాను. రేడియో యాంటెన్నాని ఆకాశం బాగా కనబడే చోట రెయిలింగ్‌కి తగిలించాను. పవర్ ఇచ్చాను. సిగ్నల్ నిండుగా చూపించింది. స్టీరియో స్టీరింగ్ కిందే ఉంది. దాని ముఖం మీద కేబుల్ గుచ్చే రంధ్రానికి రబ్బరు మూత ఉంటే తీశాను. కేబుల్ గుచ్చబోతుండగా బావగారు జరగమన్నారు. ముహూర్తం దాటిపోతోందట. స్టీరింగ్‌కి బొట్టు పెట్టి, సరిగ్గా దాని పైనే కొబ్బరికాయ ఎత్తారు.

"బావగారూ, అక్కడ వద్దు! కింద స్టీరియో ఉంది, మూత తీసి ఉంది" అన్నాను.

"శుభమా అని కాయ కొడుతుంటే వద్దంటావేంటమ్మా!" అని చేతిలో పట్టుకున్న కాయని సుత్తితో ఒక్కటి వేశారు.

నీళ్ళు స్టీరింగ్ మీంచి జారి తిన్నగా స్టీరియో మీదికి కారాయి. హారతి పళ్ళెం పట్టుకుని మా ఆయన ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. నా వైపు చూసి, ఊరుకోమన్నట్టు కళ్ళతోనే సైగ చేశాడు.

పడవ కదిలాక కేబుల్ గుచ్చాను. గరగరమని చప్పుడు తప్ప పాట లేదు.

"చూశారా? ముందే వద్దు అంది. ఆ మాటే తగిలింది" అన్నారు బావగారు అందరికీ వినబడేలా. "అయినా ఆ డొక్కు డబ్బాతో ఏమవుతుంది?"

ఎవరో నవ్వారు. మా తోడికోడలు పులిహోర గిన్నె మూత తీసి మాట మార్చబోయింది. నా ఒళ్ళు మండిపోయింది. కేబుల్ లాగేసి, రేడియోకి ఇయర్‌ఫోన్స్ పెట్టి బావగారి ముందు చాచాను.

"వినండి. రేడియోలో పాట బాగానే వస్తోంది. కొబ్బరినీళ్ళు పోయింది స్టీరియోలోకి."

ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు. సరే అని మా ఆయన చెవిలో పెట్టాను. విన్నాడు. అతని వేళ్ళు హారతి పళ్ళెం అంచు మీద తాళం వెయ్యడం నా కళ్ళారా చూశాను.

"ఏంట్రా, వస్తోందా?" అన్నారు బావగారు.

అందరూ అతని వైపే చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. ఒక్క మాట చాలు.

"ఏమో అన్నయ్యా, సరిగ్గా తెలియట్లేదు" అన్నాడు.

అప్పుడు నేను ఏడవలేదు, అరవలేదు. స్టీరియోకి కరెంట్ ఆపి, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఉన్న స్పిరిట్ దూదిని పుల్లకి చుట్టి ఆ రంధ్రం తుడవడం మొదలుపెట్టాను. దూది జిగటజిగటగా బయటికి వచ్చింది. నా వెనక పులిహోర తింటూ, వీసాల గురించీ ఇళ్ళ రేట్ల గురించీ మాట్లాడుకుంటున్నారు. నాకు ప్లేటు ఇచ్చినవాళ్ళు లేరు. తుడిచి, ఎండ తగలనిచ్చి, మళ్ళీ తుడిచాను. ఆరిందని నమ్మకం కుదిరాక కరెంట్ పెట్టి కేబుల్ చేతిలోకి తీసుకున్నాను.

"నువ్వుండమ్మా. ఒరేయ్, నువ్వు పెట్టరా" అన్నారు బావగారు.

మా ఆయన నా చేతిలోంచి కేబుల్ తీసుకుని గుచ్చాడు. పడవంతా పాట మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"అదీ! మావాడి చెయ్యి పడితే చాలు" అని బావగారు తమ్ముడి భుజం చరిచారు. మా ఆయన నవ్వుతూ నిలబడ్డాడు. కాదని అనలేదు.

సాయంత్రం కార్లో ఇంటికి బయల్దేరాం. హైవే ఎక్కాక అతనే మొదలుపెట్టాడు.

"నాకు తెలుసులే, కొబ్బరినీళ్ళ వల్లే. లోపలికి కారడం చూశాను. ఇయర్‌ఫోన్స్‌లో పాట కూడా క్లియర్‌గా వినపడింది."

నన్ను ఊరడించడానికే అన్నాడు పాపం. ఇన్నేళ్ళూ నేను అతన్ని వెనకేసుకొస్తూ ఉన్నాను. అతనికి గొడవలంటే భయం, ఎవరిది తప్పో తేల్చుకోలేడు, అందుకే మాట్లాడడు అని. అతనికి ప్రతిసారీ తెలుసన్నమాట. తెలిసే నన్ను నలుగురిలో దోషిలా నిలబెట్టాడు.

"అయితే ఇప్పుడు ఫోన్ చెయ్. నాతో చెప్పిందే మీ అన్నయ్యతో చెప్పు" అన్నాను.

"ఇప్పుడెందుకే? స్టీరియో పనిచేసిందిగా!"

నేనిక అడగలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. మళ్ళీ ఆదివారం పడవకి అతనొక్కడే బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగి రేడియో ఇమ్మన్నాడు. ఇవ్వనన్నాను.

"అన్నయ్యకి ఏం చెప్పమంటావ్?" అన్నాడు.

"నిజం చెప్పు" అని తలుపు వేసుకున్నాను.