రాణిగారి గజ్జెలు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయం మాత్రం ఉంది. అందుకేనేమో ఉదయగిరి కోటలో దెయ్యం తిరుగుతున్నట్టు ఒక హాస్య నవల మొదలుపెట్టాను. కూలిన ధాన్యపు కొట్టులో రాణిగారి గజ్జెలు మోగుతాయి. విన్నవాళ్లకు చెవుడొస్తుంది. మోగించేదెవరో చివరిదాకా తెలియదు. అప్పటికి నాకూ తెలియదు.

రాసిందల్లా ఆత్మకూరులో టీ అంగడి దగ్గర చదివి వినిపించేవాణ్ణి. విన్నవాళ్లు బస్సెక్కి ఉదయగిరి చేరేసరికి, అది నవలన్న మాట దారిలోనే దిగిపోయేది. రాణి మాత్రం చేరేది.

ముగింపు తడుతుందేమోనని ఒక ఆదివారం మిత్రుడితో కొండెక్కాను. మాడు పగిలే ఎండ. కొట్టు దగ్గరికి పోగానే లోపలినుంచి గణగణమని మోత.

"ఒరేయ్, నీ రాణిరా!" అన్నాడు మిత్రుడు.

పుట్టించిందీ నేనే, ముందు పరుగెత్తిందీ నేనే.

మెట్ల మలుపులో, మేకలు కాసే అవ్వ ఒకామె ఏడుస్తూ కూర్చుని ఉంది. మందకు ముందు నడిచే గంటమేక, నిండుచూలుది, రెండు రోజులుగా కనిపించడం లేదట.

"కొట్టు పక్క చూసినావా అవ్వా?" అన్నాను.

"నిన్న పోయినాను అబ్బయా. ఆడేందో మోత ఇనబడింది. రాణి గజ్జెలింటే చెవుడొస్తాదంట గదా! చెవులు మూసుకోని వచ్చేసినాను."

మేం విన్నదీ ఆ గంటేనేమో. ఆ మేక నీళ్లు లేక చస్తే పాపం నాదే.

"అవ్వా, రాణీ లేదు, చెవుడూ లేదు. నేనే కల్పించినాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఏం, పనీపాటా లేదా నీకు?" అంది.

ముగ్గురం పైకి పోయాం. ఈసారి అవ్వ చెవులు మూసుకోలేదు. ఒక్క క్షణం విని, "నా మేకే!" అని అరిచింది. గంటకు నాలుక కట్టింది తనేనట, వెయ్యి గంటల్లోనైనా గుర్తుపడుతుందట.

రాళ్ల మధ్య గుంతలో మేక ఇరుక్కుని ఉంది. మేమిద్దరం దిగి పైకెత్తాం. అవ్వ దోసిట్లో నా సీసా నీళ్లు పోస్తే గటగటా తాగేసింది. అమ్మయ్య అనుకుని నేను అక్కడే కూలబడ్డాను. అంత హాయి నాకు ఏ నవల రాసినా కలగలేదు.

"రాణిని ఉంచుకోరా అబ్బయా, ఆ చెవుడు మాట మాత్రం కొట్టెయ్," అంది అవ్వ. "మంద యాడుందో మాకు చెప్పేది చెవులే గదా."

జేబులోంచి నోటుబుక్కు తీసి, ఆమె చూస్తుండగానే కొట్టేశాను. చదువు రాకపోయినా ఆమె వంగి గీత వైపు చూసి, "ఇంకో తూరి గట్టిగా గియ్యి," అంది.