స్లాగ్ వెలుగులో అమ్మ

తొంభైల చివర్లో, నాన్న పోయాక, ఆయన తీసిన పాత నెగెటివ్‌లను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి అమ్మా నేనూ భిలాయి సెక్టర్ 4లో ఓ స్టూడియోకి వెళ్లాం.

వాటిలో ఒకదాని మీద మా ఇంట్లో పాత తగువుంది. నేను చంకబిడ్డగా ఉన్నప్పుడు ఓ సాయంత్రం స్టీల్ ప్లాంటులో ఇనుము తీశాక మిగిలిన కరిగిన చిట్టెం, స్లాగ్, పారబోస్తే ఆకాశమంతా ఎర్రబడిందట. ఆ వెలుగు చాలంటూ నాన్న ఫ్లాష్ లేకుండానే డాబా మీద అమ్మను ఫోటో తీశారు. అప్పటి స్టూడియోవాళ్లు నెగెటివ్ ఖాళీగా ఉందని ప్రింటు వేయలేదు. "అందులో ఉందే, పడింది" అని నాన్న చివరిదాకా వాదించేవారు. అమ్మ నవ్వేసేది.

స్కానర్ దగ్గరున్నాయన కూడా ఆ ముక్కను లైటుకు పట్టి చూసి, "ఖాలీ హై దీదీ" అన్నాడు.

"ఒక్కసారి పెట్టండి భయ్యా" అన్నాను.

తెర నల్లగా నిండింది. ఆయన వెలుతురు పెంచుతూ పోయాడు. ముందు ఇటుకరంగు మరక తేలింది. అది మెల్లగా ఆకాశమైంది. దాని కింద పిట్టగోడ, తళుక్కుమన్న ముక్కుపుడక, ఆ వెనకే అమ్మ ముఖం. చంకలో నేను. అన్నేళ్లూ ఆ వెలుగు ఆ కాస్త ముక్కలోనే ఉంది!

ఫోటోలో అమ్మ నవ్వుతోంది.

"ఈ ఎలుతురుకి ఏటి పడతాదండీ అని నవ్వినానే" అంది అమ్మ, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా.

ఇప్పటికీ ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడితే అమ్మ పని వదిలేసి డాబా ఎక్కుతుంది. కొంగు సర్దుకుని, కదలకుండా నిలబడుతుంది.