రంగం మామ్మ గేదెల శాల

మా చిన్నప్పుడు... సింహాచలం కొండ కింద మా పేటకు తెల్లవారడమంటే రంగం మామ్మ గేదెల అరుపే. చెంబు పట్టుకుని వెళ్తే పొదుగు దగ్గర నుంచే "రావే అమ్మీ" అని కేకేసేది. ఆమె పిడకల దాలి మీద కాగిన పాల వాసన... అబ్బ!

రంగం అంటే రంగూన్. బర్మా సర్కారు మనవాళ్లను పొమ్మందని మామ్మ భర్తతో ఓడెక్కి విశాఖ రేవులో దిగింది. కొన్నాళ్లకే ఆయన పోయాడు. చెవి కమ్మలు అమ్మి చూడిగేదెను కొని, ఈ కొండ కింద తుప్పలు నరికి పాక వేసుకుంది. తనలాగే ఓడ దిగి దిక్కు తోచని వాళ్లను పిలిచి పక్కనే పాకలు వేయించింది. అలా పుట్టింది మా పేట...

తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ పనులకు జనం వచ్చారు. వాళ్లలో మా ఎదురింటి సూర్రావు ఒకడు. భార్యకు పాలు పడకపోతే, చంటివాడికి మామ్మే రోజూ ఊరికే పాలు పోసేది.

నాలుగు డబ్బులు చేరి డాబా వేశాక, అదే సూర్రావు ఒకనాడు మున్సిపాలిటీ లారీతో మనుషుల్ని తెచ్చాడు. మామ్మ గేదెల్ని పట్టించడానికి!

"ఒకటే కంపు మామ్మా! సుట్టాలొస్తే ముక్కు మూసుకుంతన్నారు" అన్నాడు.

"ఏటి బావూ... నీ కొడుకు పాలు తాగినప్పుడు కొట్టలేదేటి ఈ కంపు?"

వాడు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. పేటంతా నిలబడి చూసింది. వాళ్లలో మా నాన్న కూడా ఉన్నాడు. ఆ పూట ఆయన పక్కన కూర్చుని అన్నం తినలేకపోయాను.

"నా పసువుల మీద సెయ్యెయ్యకండి. నానే తోలుకెల్తాను" అంది మామ్మ. పలుపులు విప్పి, ఆనందపురం వైపు నడిచిపోయింది. అక్కడ మళ్లీ తుప్పలు నరికిందట. మళ్లీ నలుగురిని చేర్చిందట. అక్కడే పోయింది.

మొన్న ఆ పేటకు వెళ్లాను. శాల ఉన్నచోట చెత్తకుప్ప... డైపర్లు, కుళ్లిన బిర్యానీ డబ్బాలు, ఈగలు. ఆ పైనే కాలనీ వార్షికోత్సవం ఫ్లెక్సీ. 'వ్యవస్థాపకులు' అని పెద్దక్షరాలు, కింద పళ్లికిలిస్తూ సూర్రావు!

వాడి కొడుకు ఎదురొచ్చాడు. "ఇక్కడ గేదెల సాల ఉండేదంట కదక్కా... సీ, ఎలా బతికేవారో!" అన్నాడు.

"నువ్వు ఆ పాలతోనే బతికావురా" అన్నాను. నవ్వేసి ఫోన్ చూసుకున్నాడు.

మామ్మ అసలు పేరు పైడమ్మ. ఆ పేటలో ఏ గోడ మీదా ఆ పేరు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను...

మీ వీధిలో మొదటి పాక వేసినవాళ్లు ఎవరో మీకు తెలుసా? తెలిస్తే పేరు రాయండి... ఇంటిపేరు గుర్తు లేకపోయినా ఫర్వాలేదు.