చీపుర్ల ఊళ్లో హజ్జా దర్బారు

ఆ రోజుల్లో మా గోదావరి వైపు పల్లెల్లో విదేశం అంటే ఒక్కటే, దుబాయ్. కువైట్ వెళ్లినా, మస్కట్ వెళ్లినా, సౌదీ వెళ్లినా 'ఫలానా వాళ్లమ్మాయి దుబాయ్ వెళ్లింది' అనేవారు. అందుకని సౌదీలో పనిచేస్తూ మధ్యలో ఇంగ్లండు కూడా చూసొచ్చానని చెబితే మా అమ్మే నమ్మలేదు. "దుబాయ్‌లో ఇంగ్లండు ఎక్కడుందే, ఎండకి నీ బుర్ర తిరిగినట్టుంది" అంది. అక్కడొక అడవి ఊళ్లో గుర్రాలు కొట్లలోకి తలపెట్టి చూస్తాయనీ, గాడిద నడిరోడ్డు మీద నిలబడితే కార్లవాళ్లు హారన్ కొట్టకుండా అది కదిలేదాకా ఆగుతారనీ చెప్పాక, పక్కింటావిడని కేకేసి నా ఒళ్లు కాలుతోందేమో చూడమంది. ఇప్పుడు నాకే మోకాళ్లు నొప్పులు పుట్టే వయసు వచ్చేసింది. ఎవరు నమ్మినా నమ్మకపోయినా ఒకటే గనక, ఆ వారం రోజుల ముచ్చట ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

గల్ఫ్ యుద్ధం ముగిసిన కొత్తలో నేను సౌదీలో దమ్మాం అనే ఊళ్లో ఒక ఇంట్లో పనికి చేరాను. అప్పటికింకా విషవాయువు లోపలికి రాకుండా కిటికీ అద్దాల మీద టేపు అంటించిన జిగురు మరకలు పోలేదు. (వాటిని గోకి తీయడమే నా మొదటి ఉద్యోగం.) ఇంటి యజమానిని మేం బాబా, అంటే నాన్న, అనేవాళ్లం. అక్కడ పనివాళ్ల అలవాటు అది. నిజానికి మా బాబాకి నాకంటే పదేళ్లు కూడా ఎక్కువ ఉండవు. ఆయన తల్లిని, మక్కా యాత్ర చేసొచ్చిన మనిషి కాబట్టి, అందరూ హజ్జా అని పిలిచేవారు. ఆ ఇంట్లో అసలు అధికారం హజ్జాదే. ఆవిడకి లోకంలో రెండే భయాలు. ఒకటి సైరన్. యుద్ధంలో క్షిపణులు వస్తున్నాయని మోగిన ఆ కూత చెవుల్లోంచి పోక, ప్రెషర్ కుక్కర్ విజిల్ వేస్తే గ్యాస్ మాస్కు కోసం బీరువా వైపు పరిగెత్తేది. అందుకని కుక్కర్‌ని అటక మీద పెట్టేశాం. రెండోది సిహ్ర్, అంటే మన చేతబడి. నాకు ముందు పనిచేసిన సిలోన్ అమ్మాయి దిండు కింద నల్లదారం కనిపించిందని వారం తిరక్కుండా పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ స్టాంపు కొట్టించి ఇంటికి పంపేసింది. ఆ కథ విన్నాక నేను తల దువ్వుకుంటే రాలిన వెంట్రుకలు కూడా హజ్జాకి చూపించి మరీ పారేసేదాన్ని. ఊళ్లో మా చెల్లి నర్సు చదువు నా జీతం మీదే నడుస్తోంది. నల్లదారం కాదు కదా, నల్ల ఆవగింజ కూడా నా గదిలో ఉండకుండా చూసుకునేదాన్ని.

ఆ తర్వాతి వేసవిలో హజ్జా మోకాళ్లు చూపించడానికి లండన్ ప్రయాణం పెట్టారు. బాబా భార్య అప్పుడే ప్రసవించి పుట్టింట్లో ఉంది. హజ్జాని కనిపెట్టుకుని ఉండటానికి నన్ను తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు ఆవిడని బాగా చూసి, ఒక వారం ఎక్కడైనా చల్లటి చోట నెమ్మదిగా నడవనిచ్చి మళ్లీ తీసుకురమ్మన్నాడు. బాబా ఆఫీసులో పనిచేసే ఒక ఇంగ్లీషాయనకి అడవిలో చిన్న ఇల్లుందట, తాళాలిచ్చాడు. అలా మేం ముగ్గురం కారులో ఆ ఊరు చేరాం. దారంతా చెట్లు. ఎండ కూడా ఆకుల సందుల్లోంచి వడపోసుకుని దిగుతోంది. ఇళ్లన్నిటికీ గడ్డి కప్పులు. (మా ఊళ్లో గడ్డి కప్పు ఉన్నవాడు పెంకుటిల్లు కట్టాలని ఏడుస్తాడు, అక్కడ కోటీశ్వరులు గడ్డి కప్పించుకుంటారట.) దారిలో ఒక గుర్రం కారు అద్దంలోంచి హజ్జాని చాలా సేపు చూసింది. హజ్జా కూడా దాన్ని అంతసేపూ చూసి, "దీనికి యజమాని లేడా? ఇకామా అడిగేవాడు లేడా?" అంది. ఇకామా అంటే మా ఉనికికి ఆధారమైన పర్మిట్ కార్డు. అది లేకుండా తిరిగే ప్రాణిని చూడటం ఆవిడకదే మొదలు.

ఊళ్లోకి వెళ్లాక అసలు సంగతి మొదలైంది. ప్రతి కొట్టు మీదా ఒకటే బొమ్మ. నల్ల గౌను, సూది టోపీ, వంకర ముక్కు, కాళ్ల మధ్య చీపురు. ఒక బోర్డు మీద ఆవిడ చందమామ ముందు నుంచి ఎగిరిపోతోంది. ఒక కొట్టు గుమ్మంలో ఆవిడ బొమ్మే మనిషంత ఎత్తున నిలబడి తలూపుతోంది. పూర్వం ఆ అడవిలో మంత్రగత్తెలు ఉండేవారని కథలట, ఆ కథల మీదే ఊరంతా బతుకుతోంది. ఈ సంగతి బాబాకి బోర్డులు చదవగానే తెలిసిపోయింది. నాకూ హజ్జాకీ తెలియదు. కారు అద్దంలో ఆయన మొహం చూశాను, పాలిపోయి ఉంది.

"ఎవర్రా ఈ ఆడవాళ్లు? అన్నిచోట్లా చీపుర్లు పట్టుకుని ఉన్నారేంటి?" అని అడిగింది హజ్జా.

బాబా గొంతు సవరించుకున్నాడు. "ఈ ఊరు శుభ్రతకి పేరుపడిందమ్మా. ఊడ్చేవాళ్లంటే వీళ్లకి మహా గౌరవం. అందుకే బోర్డుల మీద వేసుకున్నారు."

"మాషా అల్లా" అంది హజ్జా. నా వైపు తిరిగి, "చూశావా బింత్, నీ పనికి ఇక్కడెంత విలువుందో" అంది. (బింత్ అంటే పిల్లా అని. నన్నెప్పుడూ అలాగే పిలిచేది.) నాకైతే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంగ్లండువాళ్లు ఊరికే అంత గొప్పవాళ్లు కాలేదనుకున్నాను.

అక్కణ్ణుంచి ఆ వారమంతా బాబా చెప్పిన అబద్ధాలు రాస్తే ఒక పుస్తకమవుతుంది. నల్ల పిల్లి బొమ్మ కనిపిస్తే, ఎలకల్ని పట్టేవాళ్ల సంఘం అన్నాడు. పొగలు కక్కుతున్న పెద్ద బాన బొమ్మ కనిపిస్తే, రంజాన్‌లో మనం తినే హరీస్ లాంటిదేదో వండే హోటలన్నాడు. హజ్జా ఆ హోటలుకి వెళ్దామంది. అది మూసేశారన్నాడు. తలుపు తీసే ఉంది కదా అని నేనన్నాను. బాబా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

మర్నాడు పొద్దున్న బాబా సరుకులకి పక్క ఊరెళ్లాడు. మేమున్న ఇంటి ముందు దారి నిండా ఆకులు రాలి ఉన్నాయి. గోడకి ఆనించి ఒక చీపురుంది, పొడుగాటి కర్రకి పుల్లలు కట్టింది, అచ్చం మా ఊళ్లో పశువుల సావిడి ఊడ్చే చీపురు లాంటిది. దమ్మాంలో అంతా వాక్యూం మిషన్ కావడంతో చేతికి చీపురు తగిలి ఎన్నాళ్లో అయింది. ప్రాణం లేచొచ్చింది. హజ్జా కూడా, "ఊడ్చేవాళ్లని నెత్తిన పెట్టుకునే ఊళ్లో మన గుమ్మం ఇలా ఉంటే పరువేముంటుంది? యల్లా, కానీ" అంది. తను గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుంది. ఒళ్లంతా కప్పే నల్లటి అబాయా, ముక్కు మీద గూడు కట్టినట్టు లేచి ఉండే పాతకాలపు నల్ల ముఖముసుగు, చేతిలో వంకర కర్ర, పక్కన ఆవిర్లు కక్కే కాఫీ ఫ్లాస్కు, ఒళ్లో ఖర్జూరాల డబ్బా. నేనూ నల్ల అబాయాలోనే, నా అంత ఎత్తు చీపురుతో. సరిగ్గా అప్పుడే మలుపులో ఒక టూరిస్టు బస్సు ఆగింది.

దిగిన వాళ్లు మమ్మల్ని చూసి గబగబా వచ్చేశారు. ముసలివాళ్లు, పిల్లలు, మెడలో కెమెరాలు. ఒకావిడ వంగి దణ్ణం లాంటిది పెట్టింది. ఫోటో తీసుకోవచ్చా అని సైగ చేస్తే హజ్జా కాసేపు ఆలోచించి, "ముసుగులో ఉన్నదాన్ని తీస్తే అది నా ఫోటో ఎలా అవుతుంది, తీసుకోమను" అంది. ఇక వరుస కట్టారు. నేను ఊడుస్తున్నట్టు వంగాను, నిలబడ్డాను, చీపురు అటు పట్టుకున్నాను, ఇటు పట్టుకున్నాను. ఒకాయన చీపురు కాళ్ల మధ్య పెట్టుకోమని అభినయించి చూపించాడు. ఇంత పెద్దమనిషికి చీపురు తొక్కకూడదని ఇంట్లో చెప్పలేదా అనుకుని తల అడ్డంగా ఊపాను. హజ్జా ప్రతి పిల్లాడికీ ఖర్జూరం పెట్టి, తల మీద చెయ్యేసి దువా చదువుతోంది. వాళ్లు ఆ మాటలు మంత్రాలనుకుని కెవ్వున అరిచి పరిగెత్తి, మళ్లీ వరుసలో వెనక చేరుతున్నారు. ఒక చిన్నపిల్ల తమ్ముణ్ణి ముందుకు తోసి ఏదో అడిగింది. అందులో 'ఫ్రాగ్' అన్న ముక్క అర్థమైంది. ఆరో తరగతి పుస్తకంలో బొమ్మతో సహా ఉండేది ఆ కప్ప. తమ్ముడికీ కప్పకీ ఏమిటి సంబంధమో మాత్రం బోధపడలేదు.

అంతలో బస్సు డ్రైవర్ దగ్గరికొచ్చాడు. పాకిస్తానీ అని చూడగానే తెలిసింది. మెల్లగా, "బహన్, యే లోగ్ ఆప్‌కో చుడైల్ సమఝ్ రహే హై" అన్నాడు. వీళ్లు మిమ్మల్ని ఏదో అనుకుంటున్నారన్నంతవరకూ దమ్మాంలో నేర్చుకున్న హిందీతో అర్థమైంది గానీ ఆ చుడైల్ దగ్గర ఆగిపోయాను. "చుడైల్ క్యా హై భాయ్?" అన్నాను. ఆయన ముక్కు ముందు వేలుని వంకరగా పెట్టి, "జాదూగర్నీ. ఝాడూ పే ఉడ్‌నేవాలీ" అని, చీపురెక్కి ఎగిరేది అన్నట్టు చెయ్యి గాల్లో ఊపి, కొట్టు బోర్డు మీది బొమ్మ చూపించాడు. బోర్డు చూశాను. హజ్జాని చూశాను. నా చేతిలో చీపురు చూశాను. ఆ పిల్ల తమ్ముణ్ణి కప్పగా మార్చమని అడిగిందని అప్పుడు వెలిగింది. నల్లదారం కనిపిస్తేనే మనిషిని పంపేసిన ఆవిడని నేను నడిరోడ్డు మీద మంత్రగత్తెని చేసి కూర్చోబెట్టాను. ఎగ్జిట్ స్టాంపు పడే చప్పుడు చెవిలో వినిపించింది.

"ఏమంటున్నాడు?" అంది హజ్జా.

"మీరు వాళ్లమ్మలా ఉన్నారంటున్నాడు" అనేశాను.

ఆవిడ కరిగిపోయి అతన్ని దగ్గరికి పిలిచింది. ఖర్జూరం పెడుతూ అరబ్బీలో నీది ఏ ఊరు అని అడిగింది. నా ఖర్మ కొద్దీ ఆయన అరబ్బీలో గడగడా జవాబు చెప్పాడు. రియాద్‌లో ఎన్నో ఏళ్లు లారీ నడిపాడట. నేను హజ్జా వెనక నిలబడి చేతులు జోడించాను, చీపురుతో సహా. ఆయన నన్ను చూశాడు, ఆవిడని చూశాడు, మీసం కింద నవ్వు దాచుకున్నాడు. "అచ్చం మా అమ్మలా ఉన్నారు హజ్జా. ఆవిడకి కూడా అందరూ ఇలాగే భయపడేవారు" అన్నాడు.

గండం గడిచిందనుకుంటుండగా, కప్ప అడిగిన పిల్ల తన నెత్తి మీది సూది టోపీ తీసి, హజ్జా ఒళ్లోకెక్కి ఆవిడ తల మీద పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అప్పుడే బాబా కారు వచ్చి ఆగింది. ఆయన చేతిలో పాల సీసాలతో దిగి, టోపీలో ఉన్న తల్లిని చూసి అలాగే నిలబడిపోయాడు. మా ఇద్దరి చూపులూ కలిశాయి. జీతమిచ్చేవాడూ పుచ్చుకునేదీ ఒకే పడవలో ఉన్నామని ఆ ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

"ఇదేంట్రా పెట్టారు నాకు?" అంది హజ్జా.

"మిమ్మల్ని... ఊడ్చేవాళ్ల సంఘానికి పెద్దని చేశారమ్మా" అన్నాడు బాబా.

"అల్‌హమ్‌దులిల్లా" అని హజ్జా టోపీ సరిచేసుకుంది.

ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే ఆవిడ అదే బల్ల మీద దర్బారు తీర్చేది. బస్సులు వచ్చేవి, వరుసలు కట్టేవారు. ఆ బోర్డులు చదవగలిగిన అరబ్బులెవరైనా వస్తారేమోనని బాబా వీధి చివర కాపలా కాసేవాడు. నేను ఊడ్చిందే ఊడ్చి ఆ దారిని అద్దంలా చేసేశాను. ఎప్పుడెవరు ఏమంటారోనని నాకు అన్నం సహించలేదు. హజ్జా మాత్రం కర్ర లేకుండానే బల్లదాకా నడిచేయడం మొదలుపెట్టింది. వారం తర్వాత డాక్టరు మోకాళ్లు చూసి చాలా సంతోషించాడు. ఏం చేశారని అడిగితే, సంఘం పనులు చూసుకున్నానని చెప్పమంది హజ్జా. బాబా ఏం తర్జుమా చేశాడో నాకు తెలియదు.

దమ్మాం తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం నేను ఆవిడ మోకాళ్లకి నూనె రాస్తున్నాను. కళ్లు మూసుకునే అడిగింది. "బింత్, చందమామ మీద దుమ్ముంటుందా?"

"ఏమో హజ్జా."

"మరి ఆ బోర్డు మీదావిడ చీపురేసుకుని అక్కడిదాకా దేనికెళ్లింది?"

నేను నూనె సీసా మూత కోసం వెతుక్కున్నాను. "నువ్వూ నా కొడుకూ కలిసి నన్ను వెర్రిదాన్నే అనుకున్నారు. టోపీ పెట్టినప్పుడే తెలిసింది నాకు" అంది. నేను బావురుమన్నాను. నన్ను పంపెయ్యకండి, మా చెల్లి చదువు ఆగిపోతుంది అని ఏవేవో అన్నాను. ఆవిడ కళ్లు తెరిచి, "ఎందుకు పంపుతాను, చీపురు బాగానే పట్టుకున్నావుగా" అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "యుద్ధమప్పుడు ఆ టేపులేసిన గదిలో, చీమ చిటుక్కుమన్నా వణికిపోయేదాన్ని. ఎప్పుడూ నేనే భయపడటం. అక్కడ ఆ పిల్లలు నన్ను చూసి భయపడి, నవ్వుకుంటూ మళ్లీ వచ్చారు. నాకది బాగుంది. అస్తగ్‌ఫిరుల్లా, అల్లా నన్ను క్షమించాలి. కోడలికి చెప్పకు."

నేను చెప్పలేదు. బాబాకి కూడా చెప్పలేదు. ఆయన పాపం చాలా ఏళ్లు ఆ సంఘం కబుర్లు జాగ్రత్తగా నిలబెడుతూ వచ్చాడు. మరుసటి వేసవిలో హజ్జా మళ్లీ ఆ ఊరే వెళ్దామంది. బాబా హడలిపోయి, ఈసారి మన సౌదీలోనే చల్లటి కొండలున్నాయని అభా అనే ఊరికి తీసుకెళ్లాడు. అక్కడా అడవుంది, పొగమంచుంది. హజ్జా అబాయా, ముసుగు, కర్ర, ఖర్జూరాల డబ్బాతో ఒక బల్ల చూసుకుని కూర్చుంది. దారినపోయే ఆడవాళ్లందరూ నల్లబట్టల్లోనే ఉన్నారు, సలామ్ చెప్పి వెళ్లిపోతున్నారు. చాలా సేపటికి ఒక కోతి వచ్చి ఏమాత్రం జంకు లేకుండా ఖర్జూరాల డబ్బా ఎత్తుకుపోయింది. హజ్జా దాని వెనకే చూస్తూ, "ఇక్కడ నాకేం విలువ లేదు బింత్, లే, పోదాం" అంది.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఎగ్జిట్ అన్న మాటకే గుండె జారిపోయిన ఆ పిల్లని తల్చుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. ఆ వయసులో నాదంటూ ఒక్క ఫోటో కూడా నా దగ్గర లేదు. కానీ ఇంగ్లండులో నేనెరగని ఎన్నో ఇళ్లల్లో, ఆల్బముల్లో, ముక్కు మీద చెమటతో, బిగబట్టిన నవ్వుతో చీపురు నిటారుగా పట్టుకుని ఆ పిల్ల నిలబడే ఉండాలి. ఎవరైనా పేజీ తిప్పుతూ మంత్రగత్తె దగ్గర పనిపిల్ల అని చూపిస్తూ ఉంటారు. వీలుంటే నాకూ ఒకసారి దాన్ని చూడాలనుంది.