నాలుగో మెట్టు తర్వాత రాయనిది

జూన్ మొదటి ఆదివారం. మా పై ఫ్లాటు ఆయన పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. గుండెనొప్పి వచ్చి, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. బడులు తెరిచేలోగా ఆయన పని పూర్తి చేస్తానని ఆయన భార్యకు మాటిచ్చాను. చేయలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

ఆయన రేడియోలు బాగుచేసి రిటైరైన మనిషి. మౌలాలిలో చూపులేని పిల్లల బడికి పాఠాలు చదివి వినిపించే చిన్న పెట్టెలు చేసిచ్చారు. ఈ ఏడు పుస్తకాలు మారాయి. కొత్త పాఠాలతో పెట్టెలోని ప్రోగ్రామును మళ్లీ తయారుచేయాలి.

దాన్ని తయారుచేసేది ల్యాప్‌టాప్ మీద, అది నడవాల్సింది పెట్టెలో. రెండింటి చిప్పులూ వేరు. ఒకదానికి చేసింది రెండోదానికి పనికిరాదు. "వంట మనింట్ల, తినేటోడు పక్కింట్ల. ఉప్పు మన నోటికి చూసుకుంటే ఏం లాభం, టీచరమ్మా?" అనేవారు. చేయాల్సిన పనులన్నీ వరుసగా ఒక బిల్డ్ స్క్రిప్టులో పెట్టుకున్నారు. అదేమో పెట్టెను మరిచి, తానున్న ల్యాప్‌టాప్‌కే వండేసేది. ప్రతిసారీ ఆయన చేత్తో ఏదో సరిచేసేవారు.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఊరుకోలేదు. "రాసుకోకుండా చేసేది పని కాదు, అలవాటు" అన్నాను.

"అయితే మీరే రాయున్రి. మీ కాడ చదివితే నేను పదో తరగతే దాటకపోతుంటి."

"ఇప్పుడు మాత్రం దాటారా? తర్వాతి మెట్టు చెప్పండి."

నవ్వేవారు. మా భోజనాల బల్ల దగ్గర ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని. డెబ్బై దాటాక నాకు కొత్త చదువు చెప్పింది ఆయనే. నాలుగో మెట్టు కాగానే "జెర చాయ్ అయితదా?" అనేవారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఐదోది నడుస్తుండేది.

మొన్న ఆయన భార్య ల్యాప్‌టాప్, బడి నుంచి వచ్చిన పెట్టెలూ తెచ్చిచ్చింది. నోటుబుక్కు చూస్తూ ఎనిమిది మెట్లూ చేశాను. తెర మీద ఒక్క తప్పూ కనబడలేదు. ల్యాప్‌టాప్ మొదటి పాఠం గడగడా చదివింది. పెట్టెలో పెడితే అది నోరు విప్పలేదు; పాత ప్రోగ్రాము తిరిగి పెడితే మాట్లాడింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

"నాలుగోది అయ్యాక ఆయన ఏం చేసేవారమ్మా?" అని ఆయన భార్యను అడిగాను.

"నాకేం ఎరుక, టీచరమ్మా? పక్కన కూసునేది మీరే గద!"

నా నోటుబుక్కులో ఆ చోట, సమయంతో సహా, "చాయ్" అని ఉంది.

కింది ఫ్లాటు ఇంజినీరు వచ్చి చూశాడు. పెట్టె కోసం చేయమనే మాట స్క్రిప్టులో ఎక్కడా లేదట. ఆ చిప్పు చేసిన కంపెనీ మూతపడింది, అడగడానికి ఎవరూ లేరట. ఆయన దాచుకునే మనిషి కాదు. తన చేతులు ఏం చేస్తున్నాయో ఆయనే గమనించలేదు, అంతే.

ఇక జరగాల్సినవి:

1. ఆ ల్యాప్‌టాప్‌లో ఎవరూ ఏదీ చెరపకూడదు.
2. ఈ పని తెలిసినవారు ఎవరొచ్చినా నోటుబుక్కు ఇస్తాను. వస్తారని అనుకోను.
3. పెట్టెలు రేపు బడికి తిరిగిచ్చేయాలి. పాత పాఠాలే చదువుతాయని, పిల్లలు వచ్చాక వాళ్లకు నేనే చెప్పాలి.
4. కొత్త పాఠాలు ఎవరో ఒకరు చదివి వినిపించాలి. బడి తెరిచిన రోజు నేను వెళ్తాను. ఈ వయసులో రెండో పాఠం దాకా నా గొంతు నిలవదు, ఆ తర్వాత ఇంకొకరు కావాలి.